ప్రాణరక్షక నావలు

ఏరు పొంగి పారుచుండగా గట్టున నూరుగురు నిలిచి చూచుచుండ, నడుమ నొకడు కొట్టుకొనిపోయెనను మాట మన పల్లెలలో విననివారుండరు. ఆ నూరుగురును పిరికివారని నేననజాలను. వారిలో ఈత నేర్చినవాడుండును, ఊరిలో మోకులుండును, రేవులో పడవయు నుండును. కాని నీట దిగవలసినవాడెవడు, మోకు పట్టవలసినవారెవరు, పడవను త్రోయవలసినవారెవరు అను సంగతి ముందుగా నిర్ణయించుకొన్నవారుండరు. ఆపద వచ్చిన పిదప ఆలోచన మొదలగును. ఆలోచన ముగియులోపల ప్రాణము పోవును.

ఈ లోపమును గుర్తించి, దానిని సరిదిద్దుకొనుటకై రెండువందల యేండ్లకు పైగా పాటుపడుచున్న యొక సంస్థ చరిత్రమును మీకు విన్నవింపదలచితిని. అది బ్రిటిషు దీవుల తీరమందలి ప్రాణరక్షక నావల సంస్థ. అందు నావ నెక్కి సముద్రము మీదికి పోవువారిలో పెక్కుమంది జీతము లేని స్వచ్ఛంద సేవకులు. ప్రభుత్వపు సిబ్బందికాక, తీరమందలి ఊళ్ళ జనులే వారి వారి వృత్తుల నడుమ ఈ పనిని నెత్తికెత్తుకొని యున్నారు.

1789వ సంవత్సరము మార్చినెలలో ఇంగ్లండు ఈశాన్య తీరమున, టైను నది సముద్రమును గలియుచోట, అడ్వెంచరు అను ఓడ తుపానులో చిక్కి ఇసుకమేట కెక్కి నిలిచిపోయెను. ఒడ్డున సౌత్ షీల్డ్సు పట్టణపు జనులు వేలకొలది గుమిగూడి చూచుచుండిరి. ఓడ వారి కన్నుల యెదుటనే యున్నది. అయినను ఆ కెరటములలో మామూలు పడవ నిలువదని అందరెరుగుదురు. నావికులు కొయ్యలను పట్టుకొని వ్రేలాడి, చేతులు తిమ్మిరెక్కి, జనులు చూచుచుండగనే నీటబడి మరణించిరి. ఆ పట్టణపు పెద్దలు కొందరు దుఃఖించి యూరకొనక, ఎట్టి తుపానుకైన నిలువగల నావను కల్పించినవారికి బహుమాన మిత్తుమని ప్రకటించిరి. పలువురి యూహలను గలిపి హెన్రీ గ్రేట్‌హెడ్ అను పడవల వడ్రంగి యొక నావను గట్టెను. దాని రెండు కొనలును ఒకే తీరున నుండును గనుక వెనుకకు త్రిప్పకయే మరలింపవచ్చును. నీట మునుగకుండుటకై లోపలను వెలుపలను బెండు తొడిగిరి. 1790లో అది పనిలోనికి దిగెను.

నావ యొకటి పుట్టినది గాని, దాని వెనుక నిలిచి పోషించు కట్టుబాటు దేశమున నింకను పుట్టలేదు. దానికి మూలపురుషుడు సర్ విలియం హిల్లరీ. ఈయన ఐల్ ఆఫ్ మ్యాన్ అను ద్వీపమున డగ్లసు రేవున కాపురముండెను. 1822లో విజిలెంటు అను నౌకాదళపు ఓడ ఆ రేవు ముందర చిక్కుకొన్నపుడు, ఊరివారిని కూడగట్టుకొని తానే పడవలో పోయి అందలివారిని రక్షింప తోడ్పడెను. మరుసటి యేట, అనగా 1823లో, దేశప్రజలకు విజ్ఞాపనగా ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ప్రతి రేవున నావ యుండవలయును. దానికి శిక్షణ గల మనుష్యులుండవలయును. వారు మరణించినచో వారి భార్యాబిడ్డలకు ఆధారముండవలయును. ఏ దేశపు ఓడయైనను, యుద్ధకాలమందైనను, శాంతికాలమందైనను, రక్షింపవలయును: ఇవి ఆయన కోరికలు. 1824వ సంవత్సరము మార్చి 4వ తేదీని లండను నగరమున క్యాంటర్‌బరీ మఠాధిపతి యధ్యక్షతను జరిగిన సభలో ఈ సంస్థ ఏర్పడెను.

హిల్లరీ కాగితములతో తృప్తినొందినవాడు కాడు. 1830 నవంబరులో సెయింట్ జార్జి అను టపా ఓడ డగ్లసు రేవునందలి బండపై చిక్కినపుడు, అరువదియేండ్ల ప్రాయమున తానును నావ నెక్కెను. కెరటము ఆయనను నీటిలోనికి విసరివేసెను, ప్రక్కటెముకలు విరిగెను. అయినను ఓడలోని యిరువదిరెండుగురును రక్షింపబడిరి. ఆ పిదప, ఓడ పగిలి ఈదివచ్చినవారు ప్రాణము నిలుపుకొనుటకై ఆ బండమీదనే యొక చిన్న బురుజును కట్టించుటకు ఆయన పూనుకొనెను. అది 1832లో లేచినది, నేటికిని నిలిచియున్నది.

సత్కార్యములన్నిటి గతియే దీనికిని పట్టెను. మొదటి యుత్సాహము చల్లారెను, విరాళములు తగ్గెను, నావలు మూలబడెను. 1849లో మొదటి నావ పుట్టిన సౌత్ షీల్డ్సుననే ప్రాణరక్షక నావ తలక్రిందులై యిరువదిమంది మరణించిరి. అప్పుడు దేశము మరల మేలుకొనెను. నార్తంబర్లండు ప్రభువు, ప్రక్కకొరిగినను తనంతట తానే లేచి నిలుచు నావకై బహుమానము ప్రకటింపగా, 1851 నాటికి 280 నమూనాలు వచ్చెను. తరువాత 1854లో సంస్థ పర్యవేక్షకుడు కెప్టెను వార్డు మరియొక వస్తువును కల్పించెను. అది బెండు ముక్కలను గుడ్డపై కుట్టిన చేతులులేని చొక్కా. తెడ్డు వేయుటకు అడ్డము రాదు. నీటబడినవానిని తల పైకుండునట్లు తేల్చును.

చూచుటకిది స్వల్పవస్తువు. దాని విలువ 1861వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీని విట్బీ రేవున తెలిసెను. ఆనాటి తుపానులో ఓడ తరువాత ఓడ ఒడ్డున కొట్టుకొనెను. ఊరి నావ ఐదుమారులు పోయి ఐదు ఓడలవారిని తెచ్చెను. ఆరవమారు పోయినపుడు రెండు కెరటములు తాకి నావ తిరుగబడెను. ఒడ్డున భార్యలును బిడ్డలును చూచుచుండగా పదముగ్గురిలో పండ్రెండుగురు మరణించిరి. బ్రదికినవాడొక్కడు, హెన్రీ ఫ్రీమన్. ఆ నావలో క్రొత్త బెండు చొక్కా తొడిగినవాడు అతడొక్కడే. ఆ పండ్రెండుగురు ధైర్యమున ఫ్రీమనుకు తీసిపోయినవారు కారు. వారికి లోపించినది ధైర్యము కాదు, చొక్కా. ఫ్రీమన్ తరువాత ఆ నావకే తండేలై, ఆ సేవయందే యేండ్లకొలది గడిపి, మూడువందలకు పైగా ప్రాణములను గాచెను.

ఈ పనిలో నావ యెక్కువారికంటె ఒడ్డుననుండు వారి పాలు తక్కువ కాదు. 1899 జనవరి 12వ తేదీ రాత్రి ఫారెస్టు హాలు అను ఓడ చుక్కాని పోగొట్టుకొని తీరమువైపు కొట్టుకొని వచ్చుచున్నట్లు లిన్మత్ అను చిన్న పల్లెకు కబురు వచ్చెను. అక్కడి కెరటములలో నావను నీటబెట్టుట యసాధ్యమాయెను. అంత ఆ పల్లెవారు నావను బండిపై నెక్కించి, నూరుమంది దాక జనులును, పదునెనిమిది గుఱ్ఱములును గలిసి, పదమూడు మైళ్ళు కొండదారిని పోర్లాక్ రేవునకు లాగుకొని పోయిరి. దారి యిరుకైనచోట నావను దించి చెక్కలపై నీడ్చిరి. అడ్డువచ్చిన గోడను పడగొట్టిరి. వానలోను గాలిలోను రాత్రియంతయు లాగి, తెల్లవారుజామున నావను నీటిలోనికి త్రోసిరి. రాత్రియంతయు లాగినవారే, తడిగుడ్డలతో, తెడ్లు పట్టిరి. ఓడలోని పదునెనమండుగురును బ్రదికిరి. ఆ రాత్రి శ్రమకు తాళలేక నాలుగు గుఱ్ఱములు చచ్చెను.

నావ తిరిగి రానప్పుడు ఒడ్డున నున్నవారికి మరియొక కర్తవ్యము మిగులును. 1886 డిసెంబరు 9వ తేదీని మెక్సికో అను జర్మను ఓడ లాంకషైరు తీరమున చిక్కుకొనగా, మూడు ఊళ్ళ నావలు ఒకదాని సంగతి యొకదానికి తెలియకయే బయలుదేరెను. లిథము ఊరి నావ ఓడలోని పండ్రెండుగురిని తెచ్చెను. తక్కిన రెండు నావలును మునిగి, యిరువదియేడుగురు రక్షకులు మరణించిరి. పదునారుగురు వితంతువులును, ఏబదిమంది తండ్రిలేని బిడ్డలును మిగిలిరి. చార్లెస్ మకారా అను నూలుమిల్లుల యజమాని వారికై ధనము సేకరించుచు, సంస్థను పోషించు విరాళములలో ఎక్కువభాగము కొలదిమంది ధనికులే యిచ్చుచున్నారని కనిపెట్టెను. ప్రాణములిచ్చువారు పేదలు, వారిని నిలుపు భారము కొందరు సంపన్నుల దయపై నుండుట తగదని యెంచి, 1891లో మాంచెస్టరు వీధులలో ప్రాణరక్షక నావనే బండిపై నూరేగించి, కూలివానివద్ద కాసును, దొరవద్ద మొహరును గైకొనెను. నాటినుండి అది ప్రజలందరి సంస్థ యాయెను.

మనకాలపు కథ యొకటి చెప్పెదను. 1981 డిసెంబరు 19వ తేదీ రాత్రి కార్న్‌వాల్ తీరమున యూనియన్ స్టార్ అను ఓడ యంత్రము చెడి బండలవైపు కొట్టుకొనిపోవుచుండెను. మౌస్‌హోల్ అను జాలరిపల్లెలో సేవకులు పరుగున వచ్చిరి. తండేలు తనతో ఏడుగురిని మాత్రమే యెంచుకొని, తండ్రి యెక్కిన నావలోనికి కుమారుని రానీయక మరలించెను. ఒక ఇంటినుండి ఇద్దరు పోరాదని ఆయన నిశ్చయము. నావవారు నలుగురిని చేపట్టితిమని రేడియోలో చెప్పిరి. ఆ తరువాత మాట వినబడలేదు. ఓడవారును, నావవారును, మొత్తము పదునారుగురు మరణించిరి. ఆ యెనమండుగురును పోయిన మరునాటికే, క్రొత్త జట్టుకు చాలినంతమంది ఆ పల్లెనుండి ముందుకు వచ్చిరి. ఆ రాత్రి వెనుకకు పంపబడిన కుమారుడు తరువాతికాలమున ఆ నావకు తండేలయ్యెను.

ఇట్టి తెగువను పొగడి యూరకొన్నచో ఈ చరిత్రము మనకు నిరుపయోగము. పూర్వము ఈ సేవకులు జాలరులే. సముద్రము వారికి పుట్టిల్లు. ఇప్పుడు పదిమందిలో ఒక్కడు మాత్రమే సముద్రపు వృత్తివాడు; తక్కినవారు ఉపాధ్యాయులు, వడ్రంగులు, అంగడివారు. కావున పుట్టుకతో రాని విద్యను నేర్పుటకై సంస్థ 2004లో పూల్ పట్టణమున కళాశాలను తెరచెను. అందొక పెద్ద నీటితొట్టి కలదు. దానిలో యంత్రములతో కెరటములు పుట్టించి, దీపములార్పి, చీకటిలో నావ తిరుగబడినపుడు చేయవలసినదానిని అభ్యసింపజేయుదురు. ఊరిలోనైతే సేవకులు తరచుగా కూడి, నావను దించుట, త్రాడు విసరుట, ప్రథమచికిత్స మొదలగువానిని మరల మరల చేయుదురు. 2024 నాటికి, రెండువందల యేండ్లు నిండునప్పటికి, ఈ సంస్థ రక్షించిన ప్రాణములు 146,000 దాటెను.

ఇంతదూరపు కథ మనకేల యని మీరడుగవచ్చును. మన తీరమున 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై ఉప్పెన పడి వేలకొలది ప్రాణములను మ్రింగినది. అట్టి రాత్రి దూరపు పట్టణమునుండి సహాయము వచ్చునంతవరకు ఊరిని కాపాడవలసినవాడు ఊరివాడే. ఈ సంగతి నెరిగియే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అను పథకమును మొదలిడి, వరదభయము గల ముప్పది జిల్లాలలో జిల్లాకు ఇన్నూరుమంది స్వచ్ఛంద సేవకులకు రక్షణవిద్య నేర్ప నుద్దేశించెను. పిదప దానిని మరిన్ని జిల్లాలకు విస్తరింపజేసెను. అయినను జిల్లాకు కొన్ని వందలమందియనగా, ప్రతి యూరికి ఒక్కడైన రాడు. మిగిలినది ఊరి పెద్దలు పూరింపవలసినదే.

అందుకు గొప్ప ధనమక్కరలేదు. ఊరిలో ఈతగాండ్రెవరు, పడవలెన్ని, మంచి మోకులెవరి యింట నున్నవి, లేవలేని వృద్ధులును బాలింతలును ఏయే యిండ్లలో నున్నారు అను లెక్క వ్రాయించి యుంచుడు. ఏడాది కొకమారు, వానలకు ముందు, ఆ ఈతగాండ్రను గట్టున గూర్చి, నడుమునకు మోకు కట్టి, దిగుటయు లాగుటయు అభ్యసింపజేయుడు. మోకు లేకుండ ఎవ్వడును దిగరాదని కట్టుబాటు చేయుడు. దిగినవానికేమైన జరిగినచో వాని యింటివారిని ఊరు పోషించునని ముందే మాట యిండు. ఆ మాట యున్న యూరిలో గట్టున నిలిచిన నూరుగురును ప్రేక్షకులు కారు. ఎవరి పని వారికి తెలిసియుండును.