పిల్లలు చనిపోయిన చోట్ల పటం

1967 జూలైలో అమెరికాలోని డెట్రాయిట్ నగరం అల్లర్లతో అట్టుడికింది. ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు. అక్కడి వేన్ స్టేట్ యూనివర్సిటీలో విలియం బంగీ భౌగోళిక శాస్త్రం చెప్పేవాడు. 1962లో రాసిన ‘థియరిటికల్ జాగ్రఫీ’తో, ఈ శాస్త్రాన్ని గణితం దారి పట్టించినవాళ్లలో ఒకడిగా అప్పటికే పేరుంది. తానుండే ఫిట్జరాల్డ్ పేట గురించి రాద్దామని బయల్దేరినవాడికి గ్వెండొలిన్ వారెన్ ఎదురైంది. ఆమెకు ఇరవయ్యేళ్లు కూడా లేవు. నల్లజాతి కుర్రకారు ఆమె మాట వినేవారు. ఈ తెల్ల ప్రొఫెసర్‌ని ఆమె వెంటనే నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? పరాయివాళ్లు వచ్చి మన నేలను కొలుచుకుని, ఆ పటంతో తమ పని చక్కబెట్టుకోవడం వలస పాలన మొదలైనప్పటి నుంచీ ఉన్నదే కదా!

చివరికి ఇద్దరూ కలిసి ‘డెట్రాయిట్ జాగ్రఫికల్ ఎక్స్‌పెడిషన్ అండ్ ఇన్‌స్టిట్యూట్’ పెట్టారు. ఇక్కడ అన్వేషకులు ఆ పేటలవాళ్లే. ఊరికే సమాచారం ఇచ్చి ఊరుకోలేదు, బదులుగా చదువు అడిగారు. కొంతకాలం మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కోర్సులు ఫీజు లేకుండా నడిచాయి.

వాళ్ల పటాల్లో ఒకటి ఇప్పటికీ కలవరపెడుతుంది. గ్రాస్ పాయింట్ శివార్ల నుంచి డౌన్‌టౌన్ ఆఫీసులకు తెల్లవాళ్ల కార్లు నల్లవాళ్ల పేటల మీదుగా దూసుకుపోయేవి. వాటి కింద పడి పిల్లలు చనిపోయేవారు. ఒకే మూలమీద ఆరు నెలల్లో ఆరుగురు పోయారని వారెన్ రాసింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు గుద్దారన్న వివరాలు పోలీసులు ఇవ్వలేదు; రాజకీయ నాయకుల చేత అడిగించి రాబట్టారు. ఆ చావులన్నీ చుక్కలై పటమెక్కాయి. దాని శీర్షికలో ‘ప్రమాదాలు’ అన్న మాట లేదు. ఆఫీసులకెళ్లేవాళ్లు నల్లపిల్లల్ని తొక్కేస్తున్న చోట్లు అని సూటిగా ఉంది. 1971లో వెలువడిన వాళ్ల మూడో ‘ఫీల్డ్ నోట్స్’ సంచిక అంతా డెట్రాయిట్ పిల్లల గురించే.

జాతి, వర్గం, జెండర్ ఒకే మనిషి మీద ఎలా పెనవేసుకుంటాయో చెప్పే ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ అన్న పేరును కింబర్లీ క్రెన్‌షా పెట్టింది 1989లో. నల్లజాతి యువతిగా వారెన్ చేసిన డెట్రాయిట్ పని అంతకు ఇరవయ్యేళ్ల ముందుది. అయినా చాలాకాలం ఆ కథలో నాయకుడు బంగీయే. ఆయన ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఏది పటమెక్కాలో తెలిసిన మనిషిని సహాయకురాలిగా లెక్కేయడం అన్యాయం. 2019లో సిండి కాట్జ్, నిక్ హైనన్‌లతో కలిసి వారెన్ ఆ చరిత్రను తన వైపు నుంచి రాసింది. ఈసారి రచయితల్లో మొదటి పేరు ఆమెదే.