బైబిలులో చెట్లు – మనిషి ఎంపిక

బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండములో ఒక చెట్టు ఉంది. చివరిదైన ప్రకటన గ్రంథములో అదే చెట్టు మళ్ళీ కనిపిస్తుంది. దాని పేరు జీవవృక్షము. ఈ రెండింటి నడుమ అంజూరం, ఒలీవ, ద్రాక్ష, దేవదారు, మేడి, చివరకు ముళ్ళపొద కూడా కథల్లో, కీర్తనల్లో, ఉపమానాల్లో వస్తూనే ఉంటాయి. చాలా చోట్ల అవి మనిషి ముందున్న మంచి చెడుల ఎంపికకు గుర్తులు. ఏ మతం వారమైనా, విదేశాల్లో ఉంటున్న మనకు సాహిత్యంలో, చిత్రకళలో, మాటల మధ్యలో ఈ చెట్లు ఎదురవుతుంటాయి కనుక, వాటి కథలు క్లుప్తంగా చూద్దాం.

ఏదెను తోటలో రెండు చెట్లు

తోట నడుమ జీవవృక్షముతో పాటు ‘మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షము’ ఉంటుంది. ఈ రెండవ చెట్టు పండు ఒక్కటే తినవద్దని ఆజ్ఞ. ఆ పండు ఆపిల్ అని చాలామంది అనుకుంటారు గాని, మూలంలో దానికి పేరే లేదు. యూదుల తాల్ముదులో ద్రాక్ష అని ఒకరు, అంజూరం అని ఒకరు, గోధుమ అని మరొకరు అన్నారు. ఆపిల్ యూరపులో స్థిరపడిన ఊహ. లూకాస్ క్రానాక్ 1526లో వేసిన చిత్రంలోనూ, మిల్టన్ 1667లో ప్రచురించిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యంలోనూ ఆపిలే ఉంది.

మరి మంచి చెడులు తెలుసుకోవడమే తప్పా? కాదనడానికి బైబిలులోనే ఆధారం ఉంది. రాజుల మొదటి గ్రంథము 3వ అధ్యాయంలో సొలొమోను మంచి చెడ్డలు వివేచించే హృదయాన్నే కోరుకుంటాడు. దేవుడు సంతోషించి ఇస్తాడు. ఒకరు అడిగి పొందారు, మరొకరు అందుకుని లాక్కున్నారు. ఏది మంచో ఏది చెడో తామే నిర్ణయించుకుంటామనడమే ఏదెనులో జరిగిన తప్పని చాలామంది వ్యాఖ్యాతల భావన.

పండు తిన్న తర్వాతి ఘట్టం కూడా ముఖ్యమే. ప్రశ్నించినప్పుడు ఆదాము నెపాన్ని భార్య మీదికి, ఆమెను ఇచ్చిన దేవుడి మీదికి నెడతాడు. ఆమె సర్పం మీదికి నెడుతుంది. ప్రాజెక్టులో బగ్గు బయటపడ్డాక జరిగే మీటింగుల్లో కూర్చున్నవారికి ఈ సంభాషణ పరిచయమే!

ఈ కథను అందరూ ఒకేలా చదవలేదు. ఆదాము పాపం మనుషులందరికీ పుట్టుకతోనే సంక్రమిస్తుందన్నాడు అగస్టీన్ (354–430). ప్రతి మనిషిలోనూ మంచి వైపు, చెడు వైపు లాగే రెండు ప్రవృత్తులు ఉంటాయని యూదుల సంప్రదాయం చెబుతుంది. ఖురానులోనూ నిషేధించిన చెట్టు ఉంది. కానీ అక్కడ ఆదాము పశ్చాత్తాపాన్ని దేవుడు అంగీకరిస్తాడు.

రాజును వెతుక్కున్న చెట్లు

న్యాయాధిపతులు 9వ అధ్యాయంలోని కథ ఇది. అబీమెలెకు డెబ్బైమంది సోదరులను చంపించి షెకెములో రాజవుతాడు. తప్పించుకున్న చిన్న తమ్ముడు యోతాము గెరిజీము కొండ ఎక్కి ఊరివారికి ఒక కథ చెబుతాడు. చెట్లన్నీ కలిసి తమకు రాజుగా ఉండమని ఒలీవను అడిగాయి. నా నూనె వదులుకుని రానంది. అంజూరం తన తీపిని, ద్రాక్ష తన రసాన్ని వదులుకోనన్నాయి. చివరకు ముళ్ళపొదను అడిగితే వెంటనే ఒప్పుకుంది. పైగా తన నీడన చేరమంది, లేకుంటే తన నుంచి మంట పుట్టి లెబానోను దేవదారులను కాలుస్తుందంది. తర్వాత అబీమెలెకు నిజంగానే చెట్టు కొమ్మలు నరికించి, షెకెము గోపురంలో దాక్కున్నవారిని మంటపెట్టి చంపాడు.

యోతాము నిందించింది ముళ్ళపొదను ఎన్నుకున్న ఊరివారిని. అయితే పనికొచ్చే మూడు చెట్లూ తమ పనుల్లో తామున్నాయన్నది కూడా మనం మరచిపోకూడదు. సంఘాల ఎన్నికలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఫలించేవి, ఫలించనివి

మొదటి కీర్తన నీతిమంతుణ్ణి నీటి కాలువల ఒడ్డున నాటిన చెట్టుతో పోలుస్తుంది. యిర్మీయా 17వ అధ్యాయం ఇంకో మాట కలుపుతుంది: వర్షం లేని ఏడు కూడా ఆ చెట్టు కాపు మానదు. అంటే మనిషి ఎంపిక ఒక్క రోజుతో తీరేది కాదు, వేరు ఎక్కడ పెట్టుకున్నాడన్నదే ప్రశ్న. చెట్టును దాని పండ్లను బట్టే గుర్తించాలని మత్తయి సువార్తలో యేసు అంటాడు. లూకా సువార్తలో మూడేళ్ళుగా కాయని అంజూరాన్ని నరికేయమంటాడు యజమాని. ఇంకొక్క ఏడు ఆగండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు తోటమాలి. ఆ ఏడు గడిచాక చెట్టు కాసిందో లేదో కథ చెప్పదు.

మన మేడి

పన్ను వసూలుదారుల పెద్ద జక్కయ్య పొట్టివాడు. జనంలో యేసు కనబడక మేడిచెట్టు ఎక్కాడు. అది మన అత్తిమేడికి దగ్గరి బంధువు, అదే ఫైకస్ ప్రజాతిది. పైకి నిగనిగలాడి లోపల పురుగులుండే మేడిపండు వేమన పుణ్యమా అని మనకు కపటానికి గుర్తు. లూకాలో మాత్రం లోకం చెడ్డవాడన్న మనిషి మేడిచెట్టు దిగి, ఆస్తిలో సగం పేదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని మాట ఇస్తాడు.

మ్రాను

హీబ్రూలో ‘ఎట్స్’ అంటే చెట్టు, కర్ర కూడా. గ్రీకు ‘క్సులోన్’ కూడా అంతే. కొత్త నిబంధన యేసును వేలాడదీసిన సిలువకూ, జీవవృక్షానికీ ఈ ఒకే మాట వాడుతుంది. సిలువ విషయంలో తెలుగు బైబిలు వాడిన ‘మ్రాను’లోనూ ఆ రెండు అర్థాలూ ఉన్నాయి.

చెట్టు గుర్తు మాత్రమే కాదు, దానిపట్ల బాధ్యత కూడా ఉంది. పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్ల చెట్లు నరకవద్దని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. దేన్నీ వృథాగా పాడు చేయరాదన్న యూదుల నియమానికి ఇదే మూలం. అదే పుస్తకం 30వ అధ్యాయంలో మోషే ప్రజల ముందు జీవాన్నీ మరణాన్నీ ఉంచి, జీవాన్ని కోరుకోమంటాడు.

ప్రకటన గ్రంథము చివరలో జీవవృక్షం నెలనెలా కాస్తుంది. దాని ఆకులు జనాలను స్వస్థపరచడానికట. మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షం ఊసు మాత్రం ఏదెను తర్వాత మళ్ళీ రాదు. ఆ పండు తినడం అయిపోయింది. ఇక తెలిసినదానితో ఏం చేస్తామన్నదే మిగిలింది.