టాపెట్ల చప్పుడు, ఆయిల్ ప్రెషర్ ముల్లు
(పాత కారు ఇంజన్ల చరిత్రలో కొన్ని పుటలు)

మన సంఘ సభ్యుల్లో అంబాసిడర్ కారు ఎక్కనివారు బహుశా ఉండరు. కొందరు వెనుక సీటులో కూర్చున్నారు, కొందరు స్టీరింగు పట్టారు, నాబోటివాళ్లం బానెట్ కింద తల పెట్టి సర్వీసంతా గడిపాం. 1968లో ఒక ప్రభుత్వ శాఖ మోటారు షెడ్డులో హెల్పరుగా చేరి, మెకానిక్‌నై, ఫోర్‌మన్‌గా 2006లో పదవీ విరమణ చేశాను. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాయడానికి పండితులున్నారు. ఇంజను చప్పుడుకీ ఒక చరిత్ర ఉంది. అది తెలిసినవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కనుక నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా విషయం తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వులు ఉంటాయి. వాటిని వేళకు తెరిపించేది క్యామ్‌షాఫ్టు. దాని మీది గుబ్బ తిరుగుతూ వచ్చి ఒక చిన్న ఇనుప గుల్లను పైకి నెడుతుంది. ఆ గుల్లే టాపెట్. టాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వును కదిలిస్తాయి. ఇంజను వేడెక్కితే ఇనుము సాగుతుంది కనుక వీటి మధ్య కొంచెం ఖాళీ ఉంచాలి. అంబాసిడర్‌కు అది పదిహేను థౌ. అంగుళంలో వెయ్యోవంతును మా షెడ్డు భాషలో 'థౌ' అంటాం. ఖాళీ ఎక్కువైతే టకటక చప్పుడు. తక్కువైతే చప్పుడు ఉండదు కాని వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. అందుకే మా మేస్త్రీ గారు "అరిచే టాపెట్‌కు భయపడకండిరా, అరవని టాపెట్‌కు భయపడండి" అనేవారు.

నూనె రహస్యం ఎలా తెలిసింది?

ఇరుసుకు నూనె పోయడం ఎడ్లబండి నాటి నుంచి ఉన్నదే. నూనె లోపల ఏం చేస్తుందో మాత్రం 1883 దాకా సరిగ్గా తెలియలేదు. ఆ ఏడాది ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు, అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ తరఫున రైలు ఇరుసు బేరింగు మీద చేసిన ప్రయోగాలు వెలువడ్డాయి. నూనె పోయడానికి ఆయన బేరింగు పైభాగాన ఒక రంధ్రం వేయిస్తే, ఇరుసు తిరుగుతుండగా నూనె లోపలికి పోవడానికి బదులు పైకి పొంగింది. చెక్క బిరడా కొడితే దాన్నీ బయటికి నెట్టేసింది. గేజి పెట్టి చూస్తే చదరపు అంగుళానికి రెండు వందల పౌండ్లు దాటి ముల్లు చివరికి పోయింది. బేరింగు మీద ఉన్న సగటు బరువు అందులో సగమే! 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీన్ని లెక్కకట్టి వివరించాడు. తిరిగే ఇరుసు తానే నూనెను సందులోకి లాక్కుని, ఆ నూనె పొర మీద తేలుతుందన్నమాట.

ఇది గుర్తుంటే ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. షాఫ్టును మోసేది పంపు ప్రెషర్ కాదు. పంపు పని నూనెను అక్కడికి చేర్చడమే. గేజి ముల్లు చెప్పేది ఆ నూనె అందుతోందా లేదా అన్న కబురు.

1908 నుంచి 1927 దాకా వచ్చిన ఫోర్డు మోడల్-టి కారుకు ఆయిల్ పంపూ లేదు, గేజీ లేదు. ఫ్లైవీలు చిమ్మిన నూనెతోనే పని నడిచేది. షెవర్లే ఆరు సిలిండర్ల కార్లలోనూ కనెక్టింగ్ రాడ్ అడుగున ఉండే చిన్న గరిటె నూనెను అందుకునే పద్ధతి చాలాకాలం సాగింది. 1953లో ఆటోమేటిక్ గేరు మోడలుకూ, మరుసటి ఏడాది మిగిలిన కార్లకూ అన్ని బేరింగులకు ప్రెషర్‌తో నూనె పంపే ఏర్పాటు వచ్చింది.

చప్పుడు లేని టాపెట్

టాపెట్ ఖాళీని మనిషి సరిచేయనక్కరలేకుండా నూనె చేతే పూరింపజేయాలన్న ఆలోచన అమెరికాలో పండింది. 1930 నాటి కాడిలాక్ పదహారు సిలిండర్ల కారులో నూనెతో పనిచేసే సైలెన్సర్లు పెట్టారు. 1933లో పియర్స్-యారో కారులో అసలు హైడ్రాలిక్ టాపెట్లే వచ్చాయి. ఈ టాపెట్ గుల్లలో ఒక చిన్న ప్లంజరు, దాని కింద స్ప్రింగు, ఒక చెక్ వాల్వు ఉంటాయి. ఇంజను నూనె ప్లంజరు కిందికి చేరి చెక్ వాల్వు వల్ల వెనక్కి పోలేక చిక్కుకుంటుంది. నూనె నలగదు కనుక అదే ఇనుప దిమ్మెలా వాల్వును ఎత్తుతుంది. ఖాళీ ఉండదు, చప్పుడు ఉండదు. అయితే దాని ప్రాణమంతా నూనెలోనే ఉంది. నూనె మురికైనా, ప్రెషర్ తగ్గినా టాపెట్లు అరుస్తాయి.

మన దేశంలో జనరల్ మోటార్స్ వారు 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించి అమ్మేవారు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల తరువాత, భాగాలు ఇక్కడే తయారుచేసే కార్యక్రమం లేని కంపెనీలకు చోటు లేకపోయింది. మరుసటి ఏడాదికి వారు మూసుకుని వెళ్లిపోయారు. వారి కార్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. విడిభాగాలు దిగుమతి చేసుకోవాలంటే లైసెన్సు కావాలి. తండ్రి లేని పిల్లల్లాంటి ఆ బండ్లను ఇరవై, ముప్ఫై ఏళ్లు సాకింది మన మేస్త్రీలే.

మా షెడ్డుకు అటువంటి షెవర్లే ఒకటి వచ్చేది. పన్నెండు హైడ్రాలిక్ టాపెట్లు. మా మేస్త్రీ గారు చెక్కపలకకు పన్నెండు గుంటలు చెక్కించి అంకెలు వేయించారు. ఏ గుంటలోది ఆ గుంటలోనే ఉండాలి. ఒక టాపెట్ విప్పి, కిరసనాయిలులో కడిగి, తుడిచి, దాని ప్లంజరు దానికే వేసిన తరువాతే రెండోది ముట్టుకోవాలి. "మేస్త్రీ గారూ, అన్నీ ఒకటే సైజు కదా, ఏది ఎందులో వేస్తే ఏమండీ?" అని అడిగాను. "ఒరే అబ్బాయ్, మీ అన్నదమ్ములందరివీ ఒకే నంబరు చెప్పులనుకో. నీ చెప్పు ఎవడైనా వేసుకుపోతే నీకు తెలియదట్రా?" అన్నారు. తరువాత ఇంజనీరింగ్ పుస్తకాల్లో చూస్తే సంగతి అదే. ప్లంజరుకూ గుల్లకూ మధ్య సందు థౌలో నాలుగోవంతు కూడా ఉండకపోవచ్చు. ఫ్యాక్టరీలోనే వాటిని జతకు జత ఏరి వేస్తారు.

ప్లంజరుకు పట్టిన గోధుమరంగు జిగురును నానబెట్టి గుడ్డతోనే తీయాలి. ఎమెరీ కాగితం తగిలితే జత చెడుతుంది. తరువాత కిరసనాయిలు నింపి ప్లంజరును ఒకే బరువుతో నొక్కి, ఎంతసేపటికి దిగుతుందో ఒకదానితో ఒకటి పోల్చేవారు. చటుక్కున దిగిపోయేది పనికిరాదు. నిదానంగా దిగేది మంచిది. అసలు దిగనిది ఇంకా జిగురుతో ఉన్నట్టు. ఫ్యాక్టరీవారు ప్రత్యేక యంత్రంతో చేసే పరీక్షను ఆయన బల్ల మీద చేసేవారు.

అంబాసిడర్ కాలం

1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారింది. 1957లో వచ్చిన అంబాసిడర్‌కు తొలుత సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో బ్రిటిష్ బి.ఎం.సి. వారి 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. ఇందులో టాపెట్లు ఎనిమిది. హైడ్రాలిక్‌వి కావు, మామూలువే. బ్లాకు పక్కనున్న రెండు మూతలు విప్పి, పుష్ రాడ్లు తీసేస్తే చేతికి వస్తాయి.

టాపెట్ పైకీ కిందికీ కదలడమే కాక తన చుట్టూ తాను తిరగాలి. అలా తిరిగితేనే అడుగు అంతటా సమంగా అరుగుతుంది. తిరగడం ఆగినది ఒకేచోట గాడి పడుతుంది. అటువంటి వాటిని కొన్ని దుకాణాల్లో సాన పట్టి నున్నగా చేసి ఇచ్చేవారు. చూడటానికి అద్దంలా ఉండేవి. కాని గట్టిపరచిన పైపొర పలుచన. అది సానలో పోతే కొద్ది వేల మైళ్లలో టాపెట్, దానితో పాటు క్యామ్ గుబ్బ కూడా అరిగిపోతాయి. ఆ ఇనుపరజను నూనెలో కలిసి పంపులోకి, బేరింగుల్లోకి చేరుతుంది. టాపెట్ల చప్పుడుకూ ఆయిల్ ప్రెషర్‌కూ చుట్టరికం ఇక్కడే ఉంది.

మరో చిన్న విషయం. రాకర్ మొన అరిగి గుంట పడితే ఫీలర్ గేజి ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది. గేజి పదిహేను థౌ అంటుంది, నిజం ఖాళీ అంతకన్నా ఎక్కువ. ఎన్నిసార్లు సర్దినా చప్పుడు పోదు. రాకర్‌ను సరిచేస్తేనే పోతుంది.

ముల్లు ఎందుకు పడిపోతుంది?

బాగున్న అంబాసిడర్ ఇంజను వేడి మీద పరుగులో యాభై పౌండ్ల దరిదాపు చూపాలి. ముల్లు పడిపోతే చాలామంది పంపును తిట్టేవారు. మా షెడ్డులో వరుస వేరు. ముందు మరో గేజి పెట్టి అసలు గేజి నిజం చెబుతోందా చూడాలి. తరువాత నూనె మట్టం, దాని వాసన. పెట్రోలు పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు నూనెలో కలిస్తే నూనె నీళ్లవుతుంది. ఆపైన రిలీఫ్ వాల్వు, దాని స్ప్రింగు. ఆ తరువాత జల్లెడ, పంపు. చివరకు బేరింగులు, రాకర్ బుష్షులు.

అసలు దోషి తరచు బేరింగే. రెండంగుళాల షాఫ్టుకు రెండు థౌ సందు ఉండాలనుకోండి. అది అరిగి నాలుగు థౌ అయితే కారే నూనె రెండింతలు కాదు, ఎనిమిదింతలు. సందు పెరుగుదలను ఘనం చేస్తే కారుడు వస్తుంది. కొత్త పంపు వేసినా ఆ కారుడుకు చాలదు. షాఫ్టు గ్రైండింగ్ చేయించి, పది థౌ, ఇరవై థౌ అండర్‌సైజు బేరింగులు వేయడమే మందు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసే చేతులు ఎన్నో ఉండేవి.

దీనికి దొంగమందులు రెండు. ఒకటి, అతి చిక్కని నూనె పోయడం. రెండు, రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనుక వాషర్లు పేర్చడం. రెండింటితో పొద్దున్నే చల్లని ఇంజనులో ముల్లు ఠీవిగా లేస్తుంది. వేడెక్కి నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్రెషర్ ఎలాగూ తక్కువే కనుక రిలీఫ్ వాల్వు మూసుకునే ఉంటుంది. అప్పుడు వాషర్ల వల్ల ప్రయోజనం సున్న. చిక్కని నూనె మాత్రం స్టార్టు చేయగానే రాకర్ల దాకా చేరడానికి ఆలస్యం చేస్తుంది.

ఇది ఒట్టి సాంకేతిక విషయం కాదని 1981లో తెలిసింది. ఒక కార్యాలయం అంబాసిడర్‌ను, ఇంజను కొట్టుకుంటుంటే, తాడు కట్టి మా షెడ్డుకు తెచ్చారు. నూనె లేకుండా నడిపాడని డ్రైవరు మీద అభియోగం. ఖర్చంతా అతని జీతంలో రికవరీ చేయాలని ఫైలు కదిలింది. అతనికి ముగ్గురు పిల్లలు. సంప్ విప్పకుండా ఎవరూ సంతకం పెట్టవద్దని మేస్త్రీ గారు పట్టుబట్టారు. విప్పితే నూనె మట్టం సరిగానే ఉంది, కాని అంటుకుపోయేంత చిక్కన. రిలీఫ్ స్ప్రింగు వెనుక మూడు వాషర్లు. బేరింగు షెల్సు అన్నీ సమంగా అరిగి రాగిరంగు తేలాయి. నూనె లేక ఒక్కరోజులో పోయిన బేరింగైతే లోహం కరిగి పూసినట్టుంటుంది, షాఫ్టు నీలం తిరుగుతుంది. ఇక్కడ నీలం లేదు. అంటే ఇది నెలల తరబడి జరిగిన అరుగుదల. బయట ఎవరో ముల్లును మాత్రమే బాగుచేసి పంపారు. ఆయన చెబుతుంటే రిపోర్టు నేనే రాశాను. వాషర్లను కవరులో పెట్టి ఫైలుకు జతచేశాం. రికవరీ రద్దయింది. ఆ డ్రైవరు తరువాత పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యాడు.

తరువాతి మాట

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని క్యామ్‌షాఫ్టు తలపైనే ఉంటుంది కనుక పుష్ రాడ్లు లేవు. అంబాసిడర్‌కూ 1990ల మొదట్లో ఇసుజు ఇంజను వచ్చింది. 2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

పాత బండి ఇంకా ఉంచుకున్న మిత్రులకు ఒక్క సూచన. క్యామ్, టాపెట్ల అరుగుదలను ఆపేది నూనెలో కలిపే జింక్, ఫాస్ఫరస్‌ల మందు. ఫాస్ఫరస్ పొగ గొట్టంలోని కన్వర్టరుకు హాని చేస్తుందని, 2004 నుంచి వచ్చిన ప్రమాణాల్లో పలుచని గ్రేడు నూనెలకు దాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. కొత్త కార్ల కోసం చేసిన ఖరీదైన పలుచని నూనె పాత టాపెట్‌కు మేలు చేయదు. పాత ఇంజన్లకు తగిన 20డబ్ల్యూ-50 వంటి నూనె, అందులో ఈ మందు తగినంత ఉన్నదే, అడిగి కొనండి.

మేస్త్రీ గారు ఇప్పుడు లేరు. ఆయన చదువు అయిదో తరగతి. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన చేతిపని ఏ మాన్యువల్‌లోనూ లేదు. మన సభ్యుల్లో లైన్‌మెన్‌గా, కంపోజిటర్లుగా, పంపు ఆపరేటర్లుగా, సర్వేయర్లుగా చేసినవారు ఎందరో ఉన్నారు. మీ మీ పనిలో పెద్దలు చెప్పిన కిటుకులు, వాటి వెనుక కారణాలు రెండు పేజీలైనా రాసి ఇవ్వండి. కాగితం మీదికి ఎక్కితే మన మనవల కాలానికైనా ఎవరికో అక్కరకు వస్తాయి.

సెలవు.