మామిడి తాండ్ర
మామిడి తాండ్ర పండిన మామిడి రసాన్ని ఎండబెట్టి తయారు చేసే తీపి పదార్థం. పండ్లు లేని కాలంలో మామిడి రుచిని అందించే నిల్వ పదార్థంగా తెలుగువారికి ఇది చిరపరిచితం. దీనిని హిందీలో ఆమ్ పాపడ్ అనీ, బెంగాలీలో ఆమ్‌సత్తా అనీ, మరాఠీలో ఆంబా పోళీ అనీ పిలుస్తారు.

తయారీ విధానం
బాగా పండిన మామిడికాయల రసం తీసి, పీచు లేకుండా వడకట్టి, పంచదార గానీ బెల్లం గానీ కలుపుతారు. ఈ రసాన్ని చాపలపై పలుచగా పరచి ఎండలో ఉంచుతారు. మొదటి పొర ఆరిన తరువాతనే దానిపై రెండవ పొర పోయాలి. పచ్చి పొర మీద పోస్తే లోపలి తేమ బయటకు పోక బూజు పడుతుంది. కావలసిన మందం వచ్చేవరకు ఇలా రోజుల తరబడి పొర మీద పొర వేసి, చివరకు ముక్కలుగా కోస్తారు. చాప అల్లిక గుర్తులు తాండ్ర అడుగున కనిపిస్తాయి.

ఈ పని అంతా ఏప్రిల్, మే, జూన్ నెలల ఎండపైనే ఆధారపడి ఉంటుంది. మామిడి పక్వానికి వచ్చే కాలంలోనే అకాల వర్షాలు కూడా పడతాయి కనుక, ఒక్క వాన చాలు, అనేక రోజుల శ్రమ వృథా కావడానికి. రంగు నల్లబడకుండా కొందరు గంధక లవణాలు కలుపుతారు. ఏమీ కలపని తాండ్ర కాలక్రమంలో ముదురు గోధుమ రంగుకు మారుతుంది, అది పాడైనట్లు కాదు.

ప్రసిద్ధ ప్రాంతాలు
ఉత్తరాంధ్రలో లక్కవరపుకోట మండలానికి చెందిన భీమాళి గ్రామం తాండ్రకు పేరుపొందింది. గోదావరి ప్రాంతంలోని ఆత్రేయపురంలోనూ తాండ్ర తయారవుతుంది. అయితే ఆ ఊరికి 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చినది పూతరేకులు.

ఇతర దేశాలలో
స్పెయిన్‌లో క్విన్స్ అనే పండు గుజ్జును పంచదారతో గట్టిపడేదాకా ఉడికించి, ముక్కలుగా కోసి జున్నువంటి ఛీజ్‌తో తింటారు. పచ్చిగా తినలేనంత వగరుగా ఉండే ఈ పండులో పెక్టిన్ అధికం. అందువలన ఆ గుజ్జు చల్లారగానే గడ్డకడుతుంది. తాండ్ర మాత్రం నీరు ఇంకిపోవడం వలన గట్టిపడుతుంది. క్విన్స్‌కు పోర్చుగీసు పేరు మార్మెలో. మార్మలేడ్ అనే మాట దాని నుండే వచ్చింది. భారతదేశంలో ఈ పండు కాశ్మీరులో పండుతుంది. దాని గింజలను యునానీ వైద్యంలో బిహిదానా పేరుతో వాడతారు. ఉప్పటి ఛీజ్‌తో తీపి పండును జతచేసే ఈ పద్ధతి, పెరుగన్నంలో మామిడిపండు నంజుకొనే తెలుగువారికి కొత్తగా తోచదు.