గరప నేలలో బంతినారు: ఖరగ్‌పూర్ తెలుగు పేటల పూల చరిత్ర

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న పేటల్లో ఝపటాపూర్ ఒకటి. ఈ ప్రాంతపు పూలమొక్కల చరిత్రను పరిశీలిస్తే, బంతి, ఆస్టర్, జినియా, కాస్మోస్, చామంతి వంటి పూలు కార్మికుల పెరడు, అధికారుల బంగళా, రైతుల పొలం అనే మూడు చోట్ల మూడు రకాలుగా పెరిగాయని, ఒక్కొక్క చోట విత్తనానికి ఒక్కొక్క విలువ దక్కిందని తెలుస్తుంది. ఇవన్నీ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినవి. చూడటానికి ఒక్క పువ్వే అయినా, నిజానికి అది అనేక చిన్న పూల గుత్తి. అంచున రేకుల్లా పరుచుకునేవి కిరణ పుష్పకాలు కాగా, మధ్యనున్న బొడ్డులో గొట్టాల్లా ఒత్తుగా అమరినవి చక్ర పుష్పకాలు.

1887లో ఏర్పడిన బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నదిపై వంతెన పూర్తి కావడంతో ఖరగ్‌పూర్‌ను హౌరాతో కలిపింది. 1902లో తూర్పు కోస్తా మార్గంలోని వాల్తేరు–కటక్ భాగం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. అలా ఒకే కంపెనీ పట్టాలు విశాఖపట్నం, గంజాం జిల్లాలను ఖరగ్‌పూర్ వర్క్‌షాపుతో ముడివేయగా, ఆ జిల్లాల నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. వారి సంప్రదాయంలో సంక్రాంతి గొబ్బెమ్మలకూ గుమ్మపు తోరణాలకూ కావలసిన పువ్వు బంతి. తెలుగువారి పండుగల్లో ఇంతగా కలిసిపోయిన ఈ మొక్క స్వస్థలం మెక్సికో. యూరోపీయుల సముద్ర వ్యాపారం మొదలైన తరువాతే అది భారతదేశానికి చేరింది.

అధికారుల బంగళా తోటలది వేరే దారి. విలియం కేరీ 1820లో కలకత్తాలో స్థాపించిన వ్యవసాయ ఉద్యానవన సంఘం విదేశీ విత్తనాలను తెప్పించి సభ్యులకు పంచేది. 1884లో పుణెలో మొదలైన పోచా వంటి సంస్థలు విత్తన వ్యాపారాన్ని దేశంలోనే పెంచాయి. చైనా నుంచి యూరప్‌కు చేరి అక్కడ అనేక రంగులు సంతరించుకున్న ఆస్టరూ, మెక్సికోకు చెందిన జినియా, కాస్మోస్‌లూ ఇటువంటి పొట్లాల ద్వారానే వలస పాలకుల తోటల్లోకి వచ్చాయి. ఆస్టర్ విత్తనానికి మొలకెత్తే శక్తి త్వరగా తగ్గిపోతుంది కనుక ఏటా కొత్త గింజ సంపాదించవలసి వచ్చేది. అందువల్ల ఆ తోట ఎంత అందమైనదైనా కొనుగోలు మీదే ఆధారపడింది.

పెరట్లోని బంతికి ఆ ఖర్చు లేదు. ఖరగ్‌పూర్ నేల ఎర్రని గరప, అంటే నీరు త్వరగా ఇంకిపోయే గులకరాళ్ల మట్టి, కాబట్టి గత్తం, అంటే చివికిన పశువుల ఎరువు, కలిపితే తప్ప లేత నారు నిలదొక్కుకోదు. వానలు వెనకబట్టాక, దసరా రోజుల్లో నారు పోసి, నాలుగైదు ఆకులు వచ్చాక నాటి, మొక్క కొంత ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి సంక్రాంతికి విరగబూస్తుంది. పూర్తిగా ఎండిన పువ్వు తొడిమను చీలిస్తే, ఒక కొన నల్లగా, మరో కొన గడ్డి రంగు నూగుతో ఉన్న సూదుల్లాంటి గింజలు కట్టగా ఊడివస్తాయి. వాటిని నీడలో ఆరబెట్టి మూటగట్టి దాస్తే మరుసటి ఏటికి సరిపోతాయి. అయితే తేనెటీగలు పక్క మొక్కల పుప్పొడిని తెచ్చి కలుపుతాయి గనుక, ముద్దబంతి గింజల నుంచి కొన్ని రేకబంతి మొక్కలు కూడా వస్తాయి. నిండైన పూలనే ఏరి గింజకు వదలకపోతే కొన్నేళ్లకు ముద్దబంతి పలచబడిపోతుంది.

వ్యాపారానికి ఈ అనిశ్చితి పనికిరాదు. ఖరగ్‌పూర్‌కు తూర్పున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాంస్‌కురా, దాని పక్కనే ఉన్న ఖీరాయి పరిసరాల్లో కంసావతి నది వేసిన ఒండ్రు మట్టిలో బంతి, చామంతి, ఆస్టర్ పొలాలుగా పండుతాయి. అదే రైలు మార్గం ఆ పూలను హౌరా వంతెన చెంతనున్న మల్లిక్ ఘాట్ సంతకు చేరుస్తుంది. మాలకు ఒకే సైజు, ఒకే రంగు కావాలి కనుక బెంగాల్ రైతులు బంతిని కూడా ఎక్కువగా కొమ్మ ముక్కలు నాటే పెంచుతారు. చామంతికైతే తల్లి మొదలు నుంచి లేచే పిలకలే వాడుక. కొమ్మ నుంచి వచ్చిన మొక్క తల్లికి అచ్చు నకలు కాగా, గింజ నుంచి వచ్చినది ప్రతిసారీ కొంత కొత్తది.

బంగళా తోట గింజను కొన్నది, పూల పొలం గింజనే పక్కన పెట్టింది. ఏటా గింజను ఏరి దాచి, ఏ మొక్కకు సంతానం ఉండాలో తానే తేల్చే పని మాత్రం పెరటి బంతిని పెంచేవారికే మిగిలింది. వృక్షశాస్త్రం ఎంపిక అని పిలిచే ఆ పనికి ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో తోటమాలి జీతం గానీ కంపెనీ పొట్లం గానీ అవసరం కాలేదు. పండుగకు పువ్వు కావాలన్న పట్టుదలే దానికి పెట్టుబడి.