రేసుకీ డ్యూటీకీ ఒకటే బండి

మొన్న దసరాకి నాగర్‌కర్నూలు వెళ్తే మా చిన్నాన్న కొడుకు పట్టుకున్నాడు. వాడి ఇల్లు వనపర్తిలో, ఉద్యోగం గద్వాలలో. రోజూ పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లిలో కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరగాలి. రానూ పోనూ సుమారు వంద కిలోమీటర్లు.

"అన్నా, సెకండ్ హ్యాండ్‌ల ఒక సెడాన్ సూడు. మాన్యువల్ గేరే ఉండాలె. రోజు డ్యూటీకి పనికిరావాలె, ఏడాదికి రెండుసార్లు చెన్నై పోయి ట్రాక్ మీద తోలాలె. నాలుగు లక్షలు దాటొద్దు."

నవ్వొచ్చింది. తర్వాత ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. దోస్తు కారు, స్టీరింగ్ మీద మనవాడు, బీచుపల్లి దాటాక మీటరు ముల్లు 150 దగ్గర. నవ్వు పోయింది. వీడికి ట్రాక్ సరదా కాదు, అవసరం అనిపించింది. ఆ 150 ఎక్కడో ఒకచోట కొడతాడు. హైవే మీద కొడితే అడ్డం వచ్చేది గొర్రెల మందో, పత్తి ట్రాక్టరో, రాంగ్ రూట్‌లో వచ్చే బైకో.

సరే, వాడి ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెనక్కి వెళ్తే తెలిసిందేంటంటే, మన దేశంలో ఈ కోరిక కొత్తదేమీ కాదు. అసలు మన కార్ రేసింగ్ చరిత్రలో చాలా భాగం ఇదే.

చెన్నైకి ఉత్తరాన షోలవరం అని ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. దశాబ్దాల పాటు మన రేసులు ఆ రన్‌వే మీదే జరిగాయి. ఏ కార్లతో? అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. అంటే డాక్టరు గారి కారు, కలెక్టరు గారి కారు, టాక్సీ స్టాండులో కారు. ఇంకేం దొరికేవి గనక? లైసెన్స్ రాజ్యంలో కారు కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి, ఇక స్పోర్ట్స్ కారు ఎవడిస్తాడు. ఫియట్ 1089 సీసీ ఇంజన్‌కి సుమారు 40 హార్స్ పవర్, గేరేమో స్టీరింగ్ పక్కన. దాన్నే విప్పి, సాన పట్టి, బరువు తగ్గించి పరిగెత్తించారు.

1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన రేస్ ట్రాక్ వచ్చింది. ల్యాపు 3.7 కిలోమీటర్లు. 1994లో మారుతి ఎస్టీమ్ వచ్చింది. మొదట కార్బ్యురేటర్‌తో 65 హార్స్ పవర్, 1999లో ఎంపీఎఫ్‌ఐతో 85. బండి బరువేమో సుమారు 875 కిలోలే. చూడటానికి బ్యాంకు మేనేజరు కారులా ఉంటుంది గానీ రేసుల్లో, ర్యాలీల్లో ఏళ్ళ తరబడి అదే కనిపించేది. 1998లో హోండా సిటీ, 2000లో దాని వీటెక్ ఇంజన్ వచ్చాక కుర్రాళ్ళందరికీ అదే కల. 2003లో కొత్త సిటీని 77 హార్స్ పవర్‌తో దించితే వాళ్ళు పడ్డ బాధ అంతా ఇంతా కాదు :) మైలేజీ మాత్రం బాగా పెరిగింది లెండి.

ఆ తర్వాత కంపెనీలే రేసులు పెట్టడం మొదలెట్టాయి. 2013లో టయోటా వాళ్ళు ఎటియోస్‌లతో సిరీస్ నడిపారు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు వెంటోలతో. ఎటియోస్ అంటే తెలుసుగా... శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట వరసగా నిలబడి ఉండేదే. షోలవరం అంబాసిడర్‌కి మనవడన్నమాట.

ఇప్పుడు నా సొంత గోడు కొంచెం. 2009 అక్టోబర్ వరదలు గుర్తున్నాయా? కృష్ణా, తుంగభద్రా పొంగి అలంపూర్, కర్నూలు మునిగిపోయాయి. మరుసటి ఏడు నేనొక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాను. తళతళా మెరిసిపోతోంది, ధర తక్కువ. ఎందుకు తక్కువో అడగలేదు. మూడు నెలలకి అమ్మని తీసుకుని గద్వాల నుంచి వస్తుంటే బీచుపల్లి వంతెన ముందు బ్రేక్ పెడల్ మెత్తగా కిందకి దిగిపోయింది. గేర్లు దించుకుంటూ, హ్యాండ్ బ్రేక్ లాగుతూ ఎలాగో పక్కకి ఆపాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏడాది దాకా నా కారెక్కలేదు.

మా మేనమామ వచ్చి చూశాడు. ఆయన వనపర్తి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా (సంస్థానం వారి ప్యాలెస్‌లో 1959లో పెట్టిన కాలేజీ అది). కార్పెట్ ఎత్తి వాసన చూసి ఒక్కటే మాట అన్నాడు: "నీళ్ళు తాగిన బండిరా ఇది." సీటు పట్టాల కింద ఎండిన ఒండ్రు. ముందు చక్రం కాలిపర్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాంతో బ్రేకు ఎప్పుడూ కొంచెం పట్టే ఉండి, వేడెక్కి, ఆయిల్ మరిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే పైపులో ఆవిరి... పెడల్ తొక్కితే గాలి బుడగని తొక్కినట్టే.

ట్రాక్ మీద జరిగేది కూడా సరిగ్గా ఇదే, పది రెట్లు జోరుగా. అందుకే తమ్ముడికి ముందు చెప్పింది హార్స్ పవర్ గురించి కాదు. మన దగ్గర కారుని ట్రక్కు మీద వేసుకుని ట్రాక్‌కి తీసుకెళ్ళే స్తోమత ఎందరికుంది? గద్వాల నుంచి ఇరుంగాట్టుకోట్టై ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. అంతా నడుపుకుంటూ పోవాలి, రోజంతా బాదాలి, మళ్ళీ అదే కారులో సోమవారం డ్యూటీకి రావాలి. కాబట్టి కావలసింది వేగంగా పోయే కారు కాదు, ఇంటికి తిరిగొచ్చే కారు.

లెక్క వేద్దాం. ఎస్టీమ్: 875 కిలోలకి 85, అంటే టన్నుకి 97 హార్స్ పవర్. ఎటియోస్ పెట్రోల్: సుమారు 930 కిలోలకి 90, మళ్ళీ 97! ఇరవై ఏళ్ళ చరిత్ర తిరిగి అక్కడికే వచ్చింది. 2008లో వచ్చిన హోండా సిటీ ఐవీటెక్‌కి 118 ఉంది, బరువు 1100 చిల్లర, అంటే టన్నుకి 105 దాకా. ఎస్టీమ్ 2007లో ఆగిపోయింది, ముచ్చటపడినా స్పేర్లకి తిరగాలి. సిటీ హుషారైనదే గానీ ఈ ధరలో దొరికేవి చాలావరకు పదిహేనేళ్ళకి దగ్గర పడ్డవో, దాటినవో. పదిహేను నిండితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఎటియోస్ 2020 దాకా వచ్చింది, టాక్సీల పుణ్యమా అని దాన్ని విప్పడం తెలియని మెకానిక్ ఉండడు. నా ఓటు దానికే. కాకపోతే పసుపు ప్లేటు తీసి తెల్లది వేసిన పాత టాక్సీ కాకుండా చూసుకోవాలి.

అన్నట్టు మన నంబర్ ప్లేటే ఓ చరిత్ర పుస్తకం. ఏపీ 22 అంటే ఉమ్మడి పాలమూరు. 2014లో టీఎస్ 06 అయింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూలుకి 31, వనపర్తికి 32, గద్వాలకి 33. 2024 నుంచి టీఎస్ పోయి టీజీ. అమ్మేవాడు "2017 మోడల్ సార్" అంటూ ఏపీ 22 చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

తమ్ముడికి చివరగా చెప్పినవి ఇవి. కార్పెట్ ఎత్తి చూడు. కొన్న రోజే బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, కూలెంట్ మార్పించు. నాలుగు టైర్లూ కొత్తవి వెయ్యి. వీటికోసం నాలుగు లక్షల్లో యాభై వేలు ముందే పక్కన పెట్టు. మామూలు ఇన్సూరెన్స్ రేసులకి వర్తించదు, ట్రాక్ మీద గుద్దితే ఖర్చు నీదే, అందుకే మొదటిసారి నెమ్మదిగా తోలు.

"మరి హైవే మీద?" అన్నాను.

కాసేపు ఆగి, నా ముందే ఆ వీడియో డిలీట్ చేశాడు. "ట్రాక్‌కి నువ్వు గూడ రావాలె అన్నా" అన్నాడు. వెళ్తాను. కారు కొనే ముందు మామని కూడా తీసుకెళ్ళాలి, వాసన చూడ్డానికి.