ప్రజ్ఞాపూర్ దాటాక పాట ఆగిపోయేది

శుక్రవారం సాయంత్రం ఆఫీసు అవగానే జూబ్లీ బస్టాండుకి పరిగెత్తి సిద్దిపేట బస్సెక్కడం, కిటికీ సీటు దొరికితే నోకియా ఫోన్‌కి ఇయర్‌ఫోన్ గుచ్చి ఎఫ్ఎం పెట్టుకోవడం. 2006లో నా వీకెండ్ ఇలాగే మొదలయ్యేది. హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది ఆ ఏడాదే. 91.1 రేడియో సిటీ, 98.3 మిర్చి. ఆటోల్లో, సెలూన్లలో, ఇరానీ హోటళ్ళలో ఎక్కడ చూసినా అవే.

శామీర్‌పేట దాకా పాట బాగానే వచ్చేది. తుర్కపల్లి దగ్గర గరగర మొదలు. ప్రజ్ఞాపూర్ చౌరస్తా దాటాక ఒట్టి హోరు. ఓసారి పక్క సీట్లో పెద్దాయన ఆసక్తిగా చూస్తుంటే ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టాను. కాసేపు విన్నాడు. పాట పోగానే తీసి నా చేతిలో పెట్టి, "ఏంది బిడ్డా, మన దిక్కు రాంగనే బందాయె?" అన్నాడు.

"సిగ్నల్ అందదు కాకా" అని సరిపెట్టాను. ఆ ప్రశ్నకి అసలు జవాబులో సగం ఫిజిక్సు, సగం ప్రభుత్వ విధానం అని చాన్నాళ్ళకి గానీ తెలియలేదు.

ముందు ఫిజిక్సు సంగతి. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే సుమారుగా ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. టవర్ నూటయాభై మీటర్లనుకోండి, యాభై కిలోమీటర్లు. బస్సులో నా చెవి ఎత్తుకి ఇంకో ఐదారు కలపండి. ప్రజ్ఞాపూర్ దగ్గర హోరెందుకో తెలిసిపోయింది కదా. సిద్దిపేట రోడ్డు మీద వంద కిలోమీటర్ల దూరం. మా ఇంట్లో ట్రాన్సిస్టర్‌కి ఈ బాధ లేదు. ఆకాశవాణి హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ నేలని పట్టుకుని పాకుతూ వచ్చేస్తుంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినప్పటి నుంచీ మా వైపు పొలాల్లో వినపడిన గొంతు అదొక్కటే. 1967 నవంబరు 1న వివిధభారతిలో ప్రకటనలు మొదలయ్యాయి గానీ రేడియో మాత్రం సర్కారుదే.

మరి సిద్దిపేటలోనే ఒక టవర్ వేస్తే పోయేది కదా? ఇక్కడొస్తుంది రెండో సగం.

కథ క్రికెట్‌తో మొదలవుతుంది :) 1993 హీరో కప్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ, కేంద్ర ప్రభుత్వానికీ తగాదా వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పిస్తూ గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ప్రజల ఆస్తి కాబట్టి ప్రజలకే ఇస్తారనుకుంటాం కదా? వేలం వేశారు. మొదటి విడతలో 40 నగరాలకి 108 ఫ్రీక్వెన్సీలు. లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగే షరతు. స్టేషన్‌కి వచ్చే ఆదాయం పెరిగినా పెరగకపోయినా ఫీజు పెరుగుతుంది! పాడుకున్నవాళ్ళలో చాలామంది మధ్యలోనే జారుకున్నారు. చివరికి నడిచినవి 12 నగరాల్లో 21 స్టేషన్లు. తెలుగునాట విశాఖపట్నం ఒక్కటే. హైదరాబాదుకే దిక్కులేదంటే సిద్దిపేటనెవరడుగుతారు?

అమిత్ మిత్రా కమిటీ 2003లో ఈ లెక్క తప్పని చెప్పింది. 2005లో రెండో విడత విధానం వచ్చింది: ఒక్కసారి ప్రవేశ రుసుము, ఆపైన ఆదాయంలో 4 శాతం వాటా. నా బస్సు ప్రయాణాల్లోని పాటలు ఈ మార్పు పుణ్యమే. కానీ ఊళ్ళని జనాభా బట్టి ఎ ప్లస్, ఎ, బి, సి, డి అని విడగొట్టారు. అన్నిటికన్నా కింది మెట్టు లక్ష నుంచి మూడు లక్షలు. 2001 జనాభా లెక్కల్లో సిద్దిపేట లక్షకి తక్కువ. అంటే మా ఊరు ఆఖరి మెట్టు కూడా ఎక్కలేదు. 2011లో మూడో విడత విధానం లక్ష, ఆపైన ఉన్న పట్టణాలని లెక్కలోకి తీసుకుంది. అదే ఏడాది జనాభా లెక్కల్లో మా ఊరు లక్షా పదకొండు వేలు. బస్సు కదిలాక బస్టాండుకి చేరినట్టు.

నాకు ఇందులో నచ్చనిది పాటలు రాకపోవడం కాదు. పాటలకి క్యాసెట్లున్నాయి, సీడీలొచ్చాయి. లోకల్ అనే మాటకి అర్థం ప్రకటనలిచ్చే షాపులెన్ని అనే లెక్కకి కుదించేశారు, అదీ నా గొడవ. సినిమాల్లో మన యాస రౌడీకో కమెడియన్‌కో దక్కేది. సొంత స్టేషన్ ఉంటే అందులో ఆ యాసలో కరెంటు కోత గురించి, చెరువు నిండటం గురించి మామూలుగా మాట్లాడేవాళ్ళు కదా!

ఇదేదో ఊహ అనుకోకండి. మా పాత మెదక్ జిల్లాలోనే, పడమటి కొసన జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఈ పని చేసి చూపించారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు మాత్రం ఇవ్వలేదు. మరేం చేశారు? పదేళ్ళు విత్తనాల మీద, పంటల మీద, పండగల మీద కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లని సంఘం మీటింగుల్లో వినిపించారు. ప్రొడక్షన్‌లోకి పోతుందో లేదో తెలియని కోడ్‌ని పదేళ్ళు రాసినట్టు. మనం పది నెలలకే వేరే ప్రాజెక్టు చూసుకుంటాం.

2006 నవంబరులో కమ్యూనిటీ రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకి తలుపు తెరిచింది. 2008 అక్టోబరు 15న 90.4లో సంగం రేడియో ప్రసారం మొదలైంది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ప్రారంభించడానికి వచ్చిన అతిథి జస్టిస్ పి.బి. సావంత్, 1995 తీర్పు రాసిన జడ్జి. ఆ తీర్పు మాచనూరు చేరడానికి పదమూడేళ్ళు పట్టింది. కమ్యూనిటీ రేడియో టవర్ ముప్ఫై మీటర్లు దాటకూడదు, గంటకి ఐదు నిమిషాలే ప్రకటనలు అని అప్పటి నిబంధనలు. పైన చెప్పిన ఫార్ములాలో ముప్ఫై వేసి చూడండి. ఇరవై రెండు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టుపక్కల పల్లెలకి అది చాలు, సిద్దిపేటకి మాత్రం అందదు.

2024 ఆగస్టులో కేంద్రం ఇంకో 234 పట్టణాల్లో 730 ఛానళ్ళ వేలానికి ఒప్పుకుంది. ఆ వార్త చదివి నాన్నకి ఫోన్ చేశాను. చిన్న ఊళ్ళకి కూడా ప్రైవేటు రేడియోలు వస్తాయట అన్నాను.

"వార్తలు చెప్తయా?"

"సొంత వార్తలు చెప్పొద్దు నాన్నా, ఆకాశవాణివి ఉన్నదున్నట్టు వినిపించొచ్చు."

"మరి కరెంటు ఎప్పుడొస్తదో?"

"అది చెప్పొచ్చు. కరెంటు, నీళ్ళు, పరీక్షల రిజల్ట్స్ వార్తల కింద రావని 2011లోనే రాశారు."

నాన్న కాసేపు ఆలోచించి, "అయితే చెప్పేటోడు ఈడుంటడా, పట్నంల కూసోని చెప్తడా?" అన్నాడు.